స్వతంత్ర పార్టీ: గెలిచిన సగం, మిగిలిన సగం

మన ఐటీ వాళ్ళలో ఎవర్నైనా "లైసెన్స్ రాజ్ ఎప్పుడు పోయింది?" అని అడగండి. తడుముకోకుండా 1991 అంటారు. పీవీ, మన్మోహన్ సింగ్ పేర్లు కూడా చెప్పేస్తారు. "ఆ మాట పుట్టించింది ఎవరు?" అంటే కాస్త ఆలోచిస్తారు. రాజాజీ అని ఒకరిద్దరు చెప్పగలరు. "ఆయన పెట్టిన పార్టీకి మొదటి అధ్యక్షుడెవరు?" అంటే మాత్రం లంచ్ టేబుల్ మొత్తం నిశ్శబ్దం. నేను చాలాసార్లు అడిగి చూశాను లెండి.

ఆయన మన తెలుగాయనే. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకి చెందిన ఆచార్య ఎన్.జి.రంగా. పార్టీ పేరు స్వతంత్ర పార్టీ, గుర్తు నక్షత్రం. 1959లో పుట్టి 1974లో పోయింది. ఉన్న 15 ఏళ్ళలోనే ఒకసారి లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షం అయింది. మా తాతయ్య దాన్ని ఎప్పుడూ స్వతంత్ర పార్టీ అనేవాడు కాదు, "రంగాగారి పార్టీ" అనేవాడు. చిన్నప్పుడు నాకది ఏదో మా ఊరి చుట్టుపక్కల పార్టీ అనిపించేది.

ఈ పార్టీ గురించి ఇంగ్లీషులో రాసేవాళ్ళు సాధారణంగా ఒకే కథ చెబుతారు. "తన కాలం కన్నా 30 ఏళ్ళు ముందు పుట్టింది, పాపం ఓడిపోయింది, కానీ 1991లో దాని ఆలోచనలు గెలిచాయి" అని. ఈ కథ సగమే నిజం అని నా అభిప్రాయం. ఆ పార్టీలో రెండు సగాలు ఉండేవి. బొంబాయి సగం పరిశ్రమలకి స్వేచ్ఛ అడిగింది. నిడుబ్రోలు సగం రైతుకి తన పొలం మీద హక్కు అడిగింది. మొదటిది గెలిచింది, దాని ఫలితమే మన ఉద్యోగాలు. రెండోది ఇంకా గెలవలేదు. పైగా, పార్టీ పుట్టిందే ఆ రెండో దాని కోసం!

ఇది నాకు పుస్తకాల్లో కన్నా కొల్లూరులో ఎక్కువ అర్థమైంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలి నుంచి పటాన్‌చెరు వెళ్తుంటే మధ్యలో తగిలే కొల్లూరే. పది, పదిహేనేళ్ళలో పొలం అపార్ట్‌మెంట్‌గా ఎలా మారుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు లేదు. ఒక పక్క 30, 40 అంతస్తుల టవర్లు, ఇంకో పక్క 2023లో ప్రారంభించిన డబుల్ బెడ్‌రూమ్ కాలనీ, ఇటు పోతే రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, అటు పోతే పటాన్‌చెరు ఫ్యాక్టరీలు. సర్కారు సొమ్మూ, ప్రైవేటు సొమ్మూ, పోయిన పొలాలూ అన్నీ ఐదారు మైళ్ళలోపే.

రంగా అసలు ఎవరు?

స్వతంత్ర పార్టీ అనగానే కమ్యూనిస్టు మిత్రులు "ఓ, రాజులూ జమీందార్ల పార్టీనా" అంటారు. మరి దానికి అధ్యక్షుడైన మనిషి జీవితంలో సగం జమీందార్లతో పోట్లాడటానికే సరిపోయింది. 1900లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చి, నిడుబ్రోలులో రైతు కార్యకర్తలకి పాఠాలు చెప్పే విద్యాలయం పెట్టాడు. 1930ల్లో జమీందారీ రైతుల ఉద్యమాలు నడిపాడు. అఖిల భారత కిసాన్ సభ పుట్టించినవాళ్ళలో ఆయనొకడు.

స్వాతంత్ర్యం వచ్చాక కాంగ్రెస్‌లో ఇమడలేక 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టాడు. 1952 ఎన్నికల్లో అప్పటి మద్రాసు అసెంబ్లీలో దానికి 15 సీట్లు వచ్చాయి. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులని ఆపడానికి కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేసి 22 గెలిచింది. తర్వాత కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1957లో రంగా తెనాలి నుంచి కాంగ్రెస్ ఎంపీ, పార్లమెంటరీ పార్టీకి కార్యదర్శి కూడా. హాయిగా మంత్రి అయ్యే దారిలో ఉన్నాడన్నమాట.

అప్పుడొచ్చింది 1959 జనవరి నాగపూర్ కాంగ్రెస్ తీర్మానం. రైతులందరూ పొలాలు కలిపేసి ఉమ్మడిగా సాగు చెయ్యాలి. కాగితం మీద హక్కు మాత్రం రైతుదే ఉంటుంది, భూమిని బట్టి పంటలో వాటా వస్తుంది. పైకి వినడానికి బాగానే ఉంటుంది. రంగా అడిగిన ప్రశ్న ఒక్కటే అనుకోవచ్చు: గట్టు చెరిపేశాక, దున్నేదీ నాటేదీ అమ్మేదీ ఇంకొకరు నిర్ణయించాక, ఆ హక్కు దేనికి? ఉత్తరాదిన చరణ్ సింగ్ కూడా ఆ తీర్మానాన్ని వ్యతిరేకించాడు, కానీ కాంగ్రెస్‌లోనే ఉండిపోయాడు. రంగా పదవి వదిలేసి బయటికొచ్చాడు.

"అదేదో పాతకాలం గొడవ, ఉమ్మడి వ్యవసాయం రానే లేదు కదా" అంటారేమో. పొలాలు ఇచ్చి బదులుగా కాగితం తీసుకోవడం మన కాలంలోనూ జరిగింది. 2015లో అమరావతి కోసం రంగాగారి గుంటూరు జిల్లాలోనే 33 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్‌లో ఇచ్చారు. ఇష్టపడి ఇచ్చినవాళ్ళే ఎక్కువ. కానీ 2019లో ప్రభుత్వం మారి మూడు రాజధానులు అనగానే ఆ కాగితం విలువ ఏమైందో అందరం చూశాం. 2024లో మళ్ళీ ప్రభుత్వం మారితే మళ్ళీ లేచింది. రైతు చేతిలో ఉన్నది ఆస్తి కాదు, ఆశ. ఎన్నికల ఫలితాన్ని బట్టి పెరిగి తరిగేదాన్ని హక్కు అనలేం.

80 ఏళ్ళ వయసులో స్టార్టప్

1959 జూన్‌లో మద్రాసులో జరిగిన రైతు సమావేశం దగ్గర కొత్త పార్టీ ప్రకటన జరిగింది. వ్యాపారుల సభ కాదు, రైతుల సభ. ఇది గుర్తుపెట్టుకోండి. రాజాజీకి అప్పుడు 80 ఏళ్ళు. గవర్నర్ జనరల్‌గా, ముఖ్యమంత్రిగా అన్నీ చేసి రిటైరైన మనిషి. ఆయన రాతలు ఎక్కువగా వచ్చిన 'స్వరాజ్య' వారపత్రిక పెట్టింది కూడా నెల్లూరు ప్రాంతపు తెలుగాయన, ఖాసా సుబ్బారావు. బొంబాయి నుంచి మినూ మసానీ, ఇంకా కె.ఎం.మున్షీ, సర్దార్ పటేల్ దగ్గర సంస్థానాల విలీనం నడిపించిన వి.పి.మీనన్ వచ్చి చేరారు. ఆగస్టులో బొంబాయిలో మొదటి మహాసభ.

పార్టీ 21 సూత్రాలు రాసుకుంది. సర్కారు జోక్యం తగ్గాలి, రైతు తన భూమి తనే సాగు చేసుకోవాలి, ప్రభుత్వం ఆస్తి తీసుకుంటే న్యాయమైన పరిహారం ఇవ్వాలి, డబ్బున్నవాడు గాంధీగారు చెప్పినట్టు ధర్మకర్తలా ఉండాలి... ఇలా. అన్నింట్లోకి నాకు బాగా నచ్చింది చివరిది. ఈ మూల సూత్రాలకి బయట ఉన్న ఏ విషయం మీదైనా సభ్యులు తమకి తోచినట్టు మాట్లాడొచ్చు, ఓటెయ్యొచ్చు. ఇప్పటి ఫిరాయింపుల చట్టం కింద విప్ ధిక్కరిస్తే సభ్యత్వమే పోతుంది. "మా పార్టీలో ఉంటూ మాతో విభేదించు" అని రాతపూర్వకంగా చెప్పిన పార్టీ ఇంకొకటి నాకు కనపడలేదు.

మన తెలుగులో 'మితవాదం' అనే మాటతో ఒక చిక్కుంది. స్కూలు పుస్తకంలో మితవాదులు అంటే గోఖలే, రానడే లాంటివాళ్ళు, అంటే గొంతు పెంచనివాళ్ళు. పేపర్లో మితవాద పార్టీ అంటే కుడివైపుది. స్వతంత్ర పార్టీ రెండు అర్థాల్లోనూ మితవాద పార్టీయే. మతం పేరుతో ఓట్లడగలేదు. నెహ్రూ విధానాన్ని తిట్టింది కానీ రాజ్యాంగం హద్దు దాటలేదు. రోడ్డెక్కే అలవాటు లేదు, కోర్టుకెళ్ళే అలవాటు మాత్రం బాగా ఉంది. ఆ గుణమే దాని గౌరవం, ఆ గుణమే దాని జబ్బు.

అంకెలు ఏం చెబుతాయి

1962 మొదటి ఎన్నికల్లోనే లోక్‌సభలో 18 సీట్లు. జైపూర్ మహారాణి గాయత్రీదేవి భారీ మెజారిటీ గురించి మీరు వినే ఉంటారు. 1967లో 44 సీట్లు, అదీ అతి పెద్ద ప్రతిపక్షం. ఒరిస్సాలో ఆర్.ఎన్.సింగ్ దేవ్ ముఖ్యమంత్రి కూడా అయ్యాడు. 1971లో 8 సీట్లు. అంతే సంగతులు.

మన దగ్గర? 1962 అసెంబ్లీలో 300కి 19. 1967లో 287కి 29, కమ్యూనిస్టులు రెండుగా చీలిపోవడంతో ఇక్కడా ప్రధాన ప్రతిపక్షం ఇదే. ముఖ్య నాయకుడు సర్దార్ గౌతు లచ్చన్న. శ్రీకాకుళం జిల్లా బారువలో గీత కార్మికుల కుటుంబంలో పుట్టినవాడు. మద్యనిషేధం వల్ల కల్లుగీత వాళ్ళు నాశనమైపోతున్నారని 1954లో పోరాడి, ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వాన్నే పడగొట్టించినవాడు. చెట్టెక్కి కల్లు తీసేవాడికీ ఒక వృత్తి ఉంది, దాన్ని సర్కారు ఒక్క సంతకంతో తీసెయ్యకూడదు అన్నది ఆయన వాదన. రాజుల పార్టీ అని కొట్టిపారేసేవాళ్ళు లచ్చన్న దగ్గర కాస్త ఆగాలి.

అయితే ఆ విమర్శలో నిజం లేదని కూడా నేననను. రాజస్థాన్, ఒరిస్సా, బీహార్, గుజరాత్‌లలో సీట్లు చాలావరకు రాజకుటుంబాలూ పెద్ద భూస్వాముల పలుకుబడితో వచ్చినవే. జమీందారీలమీద పోరాడిన రంగా, ఆ పలుకుబడిని ఓట్లుగా మార్చుకునే పార్టీకి అధ్యక్షుడయ్యాడు. పార్టీ సిద్ధాంతం చిన్నరైతుది, గెలుపు పెద్ద కోటలది. 1962లో తెనాలిలో రంగాగారే కమ్యూనిస్టు చేతిలో ఓడిపోయారంటే చూడండి. తర్వాత అదే ఏడాది చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకి వెళ్ళారు. 1967లో లచ్చన్న వదిలిన శ్రీకాకుళం నుంచి వెళ్ళారు.

ఇంకో ప్రశ్న. ఈ పార్టీ బలమంతా కోస్తాలోనూ సీమలోనూ ఉంది గానీ మన కొల్లూరు ఉన్న మెదక్ వైపు ఎందుకు పాకలేదు? నాకు తోచిన కారణం ఇది. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో రైత్వారీ. పట్టా రైతు పేరు మీద, శిస్తు నేరుగా సర్కారుకి. "నీ పొలం పోతుంది జాగ్రత్త" అంటే ఆ రైతుకి వెంటనే తగులుతుంది. నైజాంలో జాగీర్లు 1949 దాకా ఉన్నాయి. దున్నేవాడు ఒకడు, కాగితంలో పేరు ఇంకొకడిది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చాకే రక్షిత కౌలుదారు అనే మాట పుట్టింది. ఇక్కడి మనిషికి కావాల్సింది ఉన్న భూమిని కాపాడుకోవడం కాదు, దున్నుతున్న భూమి మీద తన పేరు ఎక్కడం. ఆస్తి హక్కు గురించి ఎంత బాగా చెప్పినా, ఆస్తే లేనివాడికి అది పక్కవాడి హక్కులాగే వినపడుతుంది. స్వతంత్ర పార్టీ దగ్గర దీనికి జవాబు లేదు. ఇది చిన్న లోపం కాదు.

ఎవరికీ తెలియని ఒక గెలుపు

1964లో రాజ్యాంగానికి 17వ సవరణ. అంతవరకు జమీందారీ 'ఎస్టేట్'లకే వర్తించిన మినహాయింపుని రైత్వారీ భూములకి కూడా వర్తింపజేశారు. అంటే మీ తాతల ఐదెకరాలు కూడా ఎస్టేటే. ప్రభుత్వం తీసుకుంటే ప్రాథమిక హక్కుల పేరుతో కోర్టుకెళ్ళే దారి మూసుకుపోతుంది. రంగా, మసానీ దీనిమీద గట్టిగా పోరాడారు. మొదటిసారి బిల్లు కావాల్సిన మెజారిటీ చాలక లోక్‌సభలో వీగిపోయింది. నెహ్రూ పోయాక జూన్‌లో మళ్ళీ పెట్టి పాస్ చేయించుకున్నారు.

కానీ ఆ సవరణలోనే ఒక మినహాయింపు చేరింది. పరిమితి లోపల ఉండి, రైతు స్వయంగా సాగు చేసుకుంటున్న భూమిని అలాంటి చట్టం కింద తీసుకుంటే మార్కెట్ ధరకి తగ్గకుండా పరిహారం ఇవ్వాల్సిందే. 31ఎ అధికరణలో ఆ వాక్యం ఈరోజుకీ ఉంది. అప్పట్లో రైతుల తరఫున పార్లమెంటులో లేచిన గొడవ లేకపోతే ఆ వాక్యం ఉండేదా అన్నది నా అనుమానం.

తర్వాత అదే సవరణ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు, పార్లమెంటు ప్రాథమిక హక్కులని తగ్గించలేదు అని. రాసింది మన రాజమండ్రి వైపు వాడే, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. కొద్ది వారాలకే రాజీనామా చేసి, స్వతంత్ర సహా ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో జాకీర్ హుస్సేన్ మీద పోటీ చేసి ఓడిపోయారు. జడ్జీగారు అలా చెయ్యొచ్చా అన్నది వేరే చర్చ.

ఎలా పోయింది

1969 జూలైలో ఇందిరాగాంధీ 14 బ్యాంకుల్ని జాతీయం చేసింది. స్వతంత్ర నాయకుడు రుస్తుం కూపర్ కోర్టుకెళ్ళాడు, 1970 ఫిబ్రవరిలో గెలిచాడు కూడా. ఆ కేసు లా కాలేజీల్లో ఇప్పటికీ చదువుతారు. కానీ రోడ్డుమీద జనం ఏమనుకున్నారు? పేదలకి బ్యాంకు తలుపులు తెరిచిన ఆవిడకి పెద్దోళ్ళు అడ్డం పడుతున్నారు అనుకున్నారు. రాజభరణాల రద్దు దగ్గరా ఇదే కథ. కోర్టులో గెలిచిన ప్రతిసారీ పార్టీ ఊళ్ళో ఓడిపోయింది.

డబ్బు సంగతి ఇంకోటి. జె.ఆర్.డి.టాటా లాంటివాళ్ళు కాంగ్రెస్‌కీ స్వతంత్రకీ ఇద్దరికీ విరాళం ఇస్తామని ధైర్యంగా చెప్పారు గానీ, మిగతా పరిశ్రమలవాళ్ళలో చాలామందికి ఆ ధైర్యం లేదు. లైసెన్సు ఇచ్చేది కాంగ్రెస్ ప్రభుత్వం కదా! లైసెన్సులు తీసెయ్యమనే పార్టీకి చందా ఇవ్వాలంటే లైసెన్సు పోతుందని భయం. 1969లో కంపెనీల విరాళాలే నిషేధించారు. సభ్యత్వం రుసుముతో, పల్లెల్లో కమిటీలతో పార్టీని కట్టుకోలేదు కాబట్టి ఆ దెబ్బ నేరుగా తగిలింది.

1971లో సిద్ధాంతం పక్కనపెట్టి 'మహాకూటమి' కట్టారు. "ఇందిరని దించండి" అన్నారు. ఆవిడ "పేదరికాన్ని తొలగిద్దాం" అంది. ఏది గెలుస్తుందో చెప్పాలా? మన రాష్ట్రంలో 41 లోక్‌సభ సీట్లలో కాంగ్రెస్‌కి 28. మెదక్ సహా తెలంగాణలో 10 తెలంగాణ ప్రజా సమితికి. స్వతంత్రకి సున్నా. శ్రీకాకుళంలో రంగా కూడా ఓడిపోయారు. 1972 డిసెంబరులో రాజాజీ పోయారు. రంగా మళ్ళీ కాంగ్రెస్‌కి వెళ్ళిపోయి 1980 నుంచి మూడుసార్లు గుంటూరు ఎంపీ అయ్యారు. 1974లో పీలూ మోడీ పార్టీని చరణ్ సింగ్ భారతీయ లోక్‌దళ్‌లో కలిపేశాడు. 1977లో లోక్‌దళ్ జనతా పార్టీలో కలిసింది.

ఇక్కడ చరిత్ర ఆడిన ఆట చూడండి. 1978లో 44వ సవరణ. ఎమర్జెన్సీ గాయాలు మాన్పడానికి తెచ్చిన మంచి సవరణే. కానీ దాంతోపాటే ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు. 1979 జూన్ నుంచి అది 300ఎ అధికరణలో మామూలు రాజ్యాంగ హక్కు మాత్రమే. తీసేసింది ఎవరు? జనతా ప్రభుత్వం. స్వతంత్ర పార్టీ ఏ నదిలో కలిసిందో ఆ నదే దాని ఇంటిని ముంచేసింది.

1991లో గెలిచింది ఏమిటి

1991 జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. 18 రకాల పరిశ్రమలు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదు. చేసింది పీవీ. అప్పట్లో ముఖ్యమంత్రిగా భూపరిమితి చట్టం కోసం పట్టుబట్టిన మనిషీ ఆయనే, ప్రధానిగా లైసెన్సులు తీసేసిన మనిషీ ఆయనే. రంగాగారు అప్పటికి 90 దాటి బతికే ఉన్నారు, 1995లో పోయారు. కంప్యూటర్ దిగుమతికి ఢిల్లీ చుట్టూ తిరిగే రోజులు పోయాయి కాబట్టే మనం ఇవాళ ఈ ఈఎంఐలు కడుతున్నాం.

అయితే "రాజాజీ మాట 1959లోనే విని ఉంటే" అని నిట్టూర్చేవాళ్ళని నేను ఒకసారి పటాన్‌చెరు తీసుకెళ్ళి చూపిస్తాను. ఇక్కడి మందుల పరిశ్రమ శూన్యంలోంచి పుట్టలేదు. బాలానగర్ ఐడీపీఎల్ అనే ప్రభుత్వ కంపెనీలో పని నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి పెట్టినవి చాలా. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారు కూడా అక్కడ పనిచేసినవారే. 1970 పేటెంట్ల చట్టం లేకపోతే ఆ కంపెనీలు అంత త్వరగా ఎదిగేవి కావు. ఆ చట్టం తెచ్చింది ఇందిరమ్మే. కాబట్టి సర్కారు చేసిందంతా దండగ అంటే నేనొప్పుకోను.

ఇక ధర్మకర్తృత్వం. డబ్బున్నవాడు ధర్మంగా ఉంటాడు అన్న నమ్మకం నక్కవాగులో కొట్టుకుపోయింది. ఫ్యాక్టరీల నీళ్ళతో చెరువులూ బావులూ పాడైపోయాయని 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది, దశాబ్దాలు నడిచింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి ప్లాంటు నుంచి వదిలే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు ఉందని తేల్చారు. ఆ నీళ్ళు పారింది ఎవరి పొలాల్లోకి? చిన్నరైతు పొలాల్లోకి. పక్కవాడి పొలంలో విషం పొయ్యడం కూడా ఆస్తి హక్కు ఉల్లంఘనే కదా! బొంబాయి సగం ఆ లెక్క ఎప్పుడూ వెయ్యలేదు.

మిగిలిపోయిన సగం

మా కాంప్లెక్స్‌లో పాలు పోసే పెద్దాయనది ఈ చుట్టుపక్కల ఊరే. ఒకప్పుడు ఆయన భూమి కొంత రోడ్డుకి పోయింది. "పరిహారం తక్కువ ఇచ్చారా పెద్దాయనా?" అని అడిగా. "పైసల సంగతి గాదు సార్. ఇస్తవా అని ఒక్కలన్న అడిగిండ్రా? నోటీసు పంపిండ్రు, గంతే" అన్నాడు. నాగపూర్ తీర్మానం మీద రంగా వాదన ఆయన ఎప్పుడూ వినలేదు. అవసరం కూడా లేదు.

1894 నాటి బ్రిటిష్ భూసేకరణ చట్టం స్వతంత్ర భారతంలో 66 ఏళ్ళు నడిచింది. 2014 జనవరిలో కొత్త చట్టం వచ్చింది. కొన్ని రకాల ప్రాజెక్టులకి రైతుల్లో 70, 80 శాతం మంది ఒప్పుకోవాలన్నారు, పల్లెల్లో పరిహారం పెంచారు. రెండేళ్ళు తిరగకముందే తెలంగాణలో జీవో 123 వచ్చింది, ఆ చట్టం పక్కనుంచి నేరుగా కొనడానికి. మల్లన్నసాగర్ గొడవ, హైకోర్టు 2016లో జీవోని కొట్టెయ్యడం గుర్తుండే ఉంటాయి. మన సంగారెడ్డి జిల్లాలోనే జహీరాబాద్ దగ్గర నిమ్జ్ కోసం 12 వేల ఎకరాల పైచిలుకు అనుకున్నారు, ఏళ్ళ తరబడి సాగుతోంది.

ఇంకోటి చూడండి. మనం కంపెనీ పెట్టాలంటే ఆన్‌లైన్‌లో నాలుగు రోజులు. అదే రైతు తన సొంత చేనులో సాగు కాని పనికి షెడ్డు వేసుకోవాలంటే వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి, ఫీజు కట్టాలి. 2020లో ధరణి వచ్చింది. అది మన ఫీల్డు పని కాబట్టి మనకి బాగా అర్థమవ్వాలి. హక్కు అంటే చివరికి డేటాబేస్‌లో ఒక వరుస. పాత పహాణీలో ఉన్న అనుభవదారు కాలమ్ తీసేశారు, అంటే దున్నేవాడి పేరుకి చోటే లేదు. సర్వే నంబరులో ఒక ముక్క మీద వివాదం ఉంటే నంబరు మొత్తం నిషేధిత జాబితాలో పడ్డ కేసులు ఎన్నో. ఇక అమ్మలేడు, కూతురికి రాసివ్వలేడు, కలెక్టర్ ఆఫీసు చుట్టూ తిరగాలి. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. పేరు మారింది, పద్ధతి ఎంత మారిందో రైతులే చెప్పాలి. లైసెన్సు రాజ్ పోలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి లేచి పొలం గట్టు మీదికి వచ్చి కూర్చుంది.

దీన్ని అడగడానికి ఒక పార్టీ ఉండాలి కదా? పెట్టడం కూడా అంత సులువు కాదు. 1989 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ ప్రకారం రిజిస్టర్ కావాలంటే ప్రతి పార్టీ సోషలిజానికి కట్టుబడతామని రాసివ్వాలి. పాత స్వతంత్ర పార్టీ మనిషి ఎస్.వి.రాజు 1990ల్లో దీనిమీద బొంబాయి హైకోర్టుకెళ్ళారు. నిబంధన ఇప్పటికీ అలాగే ఉంది. రాజాజీ ఈరోజు అదే మానిఫెస్టోతో వస్తే, నమ్మని మాట మీద సంతకం పెట్టి గానీ పార్టీని నమోదు చేసుకోలేరు.

కానీ అసలు అడ్డంకి చట్టం కాదు, మనమే. 1991లో వచ్చిన స్వేచ్ఛని మనం జేబులో వేసుకున్నాం. మన ఫ్లాట్ రిజిస్ట్రేషన్ ఆగిపోతే ధర్నా చేస్తాం. బిల్డర్ మోసం చేస్తే రెరాకి వెళ్తాం. మన టవర్ కింది నేల ఎవరిది, ఎలా వచ్చింది అని ఎవరం అడగం. అప్పుడు స్వతంత్ర పార్టీ పెద్దలు కూడా అంతే. మెదక్ కౌలుదారు హక్కుని వాళ్ళు తమ హక్కుగా చూడలేదు, అందుకే వాళ్ళ హక్కు పోయినరోజు ఆ కౌలుదారు వాళ్ళకోసం రాలేదు. కొద్దిమంది ఆస్తి కోసం మాత్రమే మాట్లాడే పార్టీ ఎంత మర్యాదగా మాట్లాడినా 8 సీట్ల దగ్గరే ఆగుతుంది.

మీలో చాలామందికి ఊళ్ళో ఎంతో కొంత భూమి ఉంటుంది. ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఆ సర్వే నంబరు పోర్టల్‌లో ఎలా ఉందో చూడండి. మీ పేరు సరిగ్గా ఉంటే సంతోషం. అలాగే, దాన్ని దున్నుతున్న కౌలు రైతు పేరు ఎక్కడైనా ఉందేమో కూడా చూడండి.